ఎవరికి ఏ హక్కు?

మన తెలుగు నేలపై స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతున్న ‘స్వేచ్ఛ’ సంస్థకు సొంత గిట్‌ల్యాబ్ (కలిసి కోడ్ రాసుకునే వేదిక) సర్వర్ ఉంది. అలాంటి చోట నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థులు కలిసి కోడ్ రాస్తున్నారనుకుందాం. ‘నంద్యాల’ అని గ్రూపు తెరిచి, దాని లోపల ‘ఆళ్లగడ్డ’ అని ఉపగ్రూపు పెడతారు. నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ మండలం ఉన్నట్టే. గిట్‌ల్యాబ్‌లో ఇలా 20 అంతస్తుల దాకా వెళ్లొచ్చు. నన్నడిగితే రెండు మూడు చాలు.

అసలు సంగతి హక్కులది. పై గ్రూపులో ఇచ్చిన హక్కు కింది ఉపగ్రూపులకూ, వాటిలోని ప్రాజెక్టులన్నింటికీ దానంతటదే వర్తిస్తుంది. కింద దాన్ని పెంచగలరు గానీ తగ్గించలేరు. నంద్యాల గ్రూపులో మెయింటెయినర్‌గా (కోడ్ చూసి కలిపేవారిగా) చేరినవారిని ఆళ్లగడ్డలో కోడ్ మార్చలేని రిపోర్టర్‌గా మార్చాలన్నా కుదరదు. అందుకే పైన కొద్దిమందినే ఉంచండి. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఆళ్లగడ్డ ఉపగ్రూపులోనే కోడ్ రాసే డెవలపర్ హక్కు ఇవ్వండి. ఆమె తన బ్రాంచ్‌లో, అంటే కోడ్ విడి శాఖలో, రాసి, దాన్ని కలపమని మెర్జ్ రిక్వెస్ట్ పెడుతుంది; అసలు కోడ్ ఉండే మెయిన్ బ్రాంచ్‌కు మామూలుగా రక్షణ ఉంటుంది కనుక, చూసి అందులో కలిపేది మెయింటెయినర్.

గ్రూపుపై పూర్తి అధికారం ఉండే ఓనర్లు మాత్రం ఇద్దరుండాలి. ఒక్కరే ఉండి, చదువైపోయి బెంగళూరు వెళ్లిపోతే, గ్రూపులో చిన్న సెట్టింగు మార్చాలన్నా సర్వర్ నిర్వాహకుల దగ్గరికి పరుగెత్తాలి. ఇంటర్న్‌షిప్‌కు వచ్చేవారికి హక్కు ఇచ్చేటప్పుడే గడువు తేదీ వేసెయ్యండి. అది దాటగానే సభ్యత్వం దానంతటదే తొలగిపోతుంది.