ఆ చేయి ఎవరిది?



ఈ స్మారక నిధి ఏర్పాటు చేసిన కుటుంబం ఒకే ఒక్క షరతు పెట్టింది. బ్యానర్ మీద గానీ, రేపు అచ్చయ్యే పుస్తకం మీద గానీ ఆయన పేరు వేయకూడదని. భిలాయి ఉక్కు కర్మాగారం పట్టాల మిల్లులో డ్యూటీ దిగి, సాయంత్రాలు మైదానంలో పిల్లలకు బంతి విసరడం నేర్పిన మనిషి ఆయన. పిల్లలు మాస్టారనే పిలిచారు. నాకూ ఆ మాట చాలు.

జపాన్ బేస్‌బాల్ పిచ్చర్లు అమెరికా వెళ్లడం గురించి మాట్లాడతానంటే ఈ సభ నిర్వాహకులు కాస్త తటపటాయించారు. క్రికెట్ అయితే జనం వస్తారేమో అన్నారు. క్రికెట్ కూడా వస్తుంది, కంగారు పడకండి. ముందు మాత్రం ఒసాకా పక్కనున్న సకాయ్ అనే ఊరికి వెళ్లాలి. అక్కడ సముద్రం ఒడ్డున నిప్పన్ స్టీల్ వారి కర్మాగారం ఉంది. ఆ కర్మాగారానికి ఒక బేస్‌బాల్ జట్టు ఉండేది. పెద్ద పెద్ద కంపెనీలు ఆటగాళ్లకు ఉద్యోగమిచ్చి జట్లు నడపడం జపాన్‌లో పాత ఆచారం. ఆ జట్లన్నీ తమ తమ ఊళ్ల తరఫున తలపడే టోర్నమెంటు 1927 నుంచి ఉంది. స్పోర్ట్స్ కోటా అంటే ఏమిటో భిలాయి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

హిదెయో నోమో అనే కుర్రాడు హైస్కూలు అయ్యాక ఆ ఉక్కు కర్మాగారం జట్టులో చేరాడు. చూపుడువేలు, మధ్యవేలు ఎడంగా పెట్టి, వాటి సందులో బంతిని ఇరికించి విసరడం అక్కడ సాధన చేశాడు. ఫోర్క్‌బాల్ అంటారు దాన్ని. తిన్నగా వస్తున్నట్టే కనిపించి, బ్యాట్ దగ్గరికొచ్చేసరికి కిందికి జారిపోతుంది. పిచ్చర్ మన బౌలర్‌లా పరుగెత్తుకు రాడు. 60 అడుగుల పైచిలుకు దూరంలో మట్టి దిబ్బ మీద నిలబడి, మోచెయ్యి మడిచి విసురుతాడు. క్రికెట్‌లో అలా విసరకూడదు. మన భిలాయి బౌలర్ రాజేష్ చౌహాన్ 21 టెస్టులాడితే అందులో ఇండియా ఒక్కటీ ఓడలేదు. అయినా మోచెయ్యి వంగుతోందన్న అనుమానం అతన్ని చివరిదాకా వెంటాడింది. బేస్‌బాల్‌లో పుట్టి ఉంటే ఆ బాధ ఉండేది కాదు.

నోమో 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జపాన్ జట్టులో ఆడాడు. 1989లో కొత్త ఆటగాళ్లను పంచుకునే రోజున, ఉన్న 12 ప్రొఫెషనల్ క్లబ్బుల్లో 8 అతని పేరే ముందు రాశాయి. చీటీలు తీస్తే కింతెత్సు బఫెలోస్‌కు వచ్చాడు. కింతెత్సు అంటే రైల్వే కంపెనీ. అంటే ఉక్కు వాళ్లు తయారుచేసిన కుర్రాణ్ని రైల్వే వాళ్లు తీసుకున్నారు. ఈ కథ మన ఊళ్లో కూడా జరుగుతుంది, కాసేపట్లో చెబుతాను. మొదటి ఏడాదే 18 విజయాలు. వరసగా నాలుగేళ్లు కింతెత్సు ఆడే లీగులో అందరికంటే ఎక్కువ విజయాలూ, ఎక్కువ స్ట్రైకౌట్లూ (పిచ్చర్ ఒంటిచేత్తో బ్యాటర్‌ను ఔట్ చేయడం) అతనివే.

అలాంటివాడు అమెరికా వెళ్లాలంటే ఎందుకంత కష్టమైంది? ఇక్కడ ముప్పై ఏళ్లు వెనక్కి పోవాలి. 1964లో నాంకాయ్ హాక్స్ అనే క్లబ్బు ముగ్గురు కుర్రాళ్లను శిక్షణ కోసం అమెరికా పంపింది. వాళ్లలో మసనోరి మురకామి అనే ఇరవై ఏళ్ల ఎడంచేతి పిచ్చర్ బాగా రాణించడంతో, శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ సెప్టెంబరు 1న అతన్ని న్యూయార్క్‌లో నేరుగా అమెరికా అత్యున్నత స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్ మైదానంలోకి దింపింది. అక్కడ ఆడిన తొలి జపనీయుడు అతనే. మా కుర్రాణ్ని మాకు పంపెయ్యండని నాంకాయ్. ఒప్పందం ప్రకారం పదివేల డాలర్లు ఇచ్చాం, వాడు మావాడని జెయింట్స్. రెండు దేశాల బేస్‌బాల్ పెద్దల మధ్య మాటలు తెగిపోయేదాకా వెళ్లింది. చివరికి 1965లో అక్కడ ఆడేట్టు, ఆ తర్వాత స్వదేశం చేరేట్టు రాజీ కుదిరింది. మాట ప్రకారం మురకామి తిరిగొచ్చేశాడు. ఇంత రాద్ధాంతంలో అతనికేం కావాలో అడిగినవాళ్లు తక్కువ.

ఆ గొడవ చూసి బెదిరిన రెండు వైపుల పెద్దలూ 1967లో ఒక ఒడంబడిక రాసుకున్నారు. నీ ఆటగాణ్ని నేను ముట్టుకోను, నా ఆటగాణ్ని నువ్వు ముట్టుకోకు. అంతే సంగతి. తలుపు మూసుకుపోయింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు జపాన్ నుంచి ఒక్క పిచ్చర్ కూడా మేజర్ లీగ్‌లో బంతి విసరలేదు. చేతుల్లో సత్తా లేక కాదు, చేతికింద కాగితం లేక.

నోమోకు దారి చూపింది కూడా కాగితమే. 1994 చివర కింతెత్సుతో జీతం, ఒప్పందకాలం విషయంలో పేచీ వచ్చింది. మేనేజర్‌తోనూ పడలేదు, భుజం నొప్పి కూడా ఉంది. అతని ఏజెంటు డాన్ నొమురా నిబంధనల పుస్తకం తిరగేసి ఒక కన్నం కనిపెట్టాడు. స్వచ్ఛందంగా రిటైరైన ఆటగాడు జపాన్‌లో మళ్లీ ఆడాలంటే పాత క్లబ్బుకే ఆడాలి. విదేశంలో ఆడకూడదని మాత్రం ఎక్కడా లేదు. నోమో ఇరవై ఆరేళ్ల వయసులో, నాలుగుసార్లు లీగులో అగ్రస్థానంలో నిలిచిన పిచ్చర్, రిటైరవుతున్నానని సంతకం పెట్టాడు. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. సొంత దేశంలో పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ద్రోహి అన్నవాళ్లూ ఉన్నారు.

1995 మే 2న తొలి మ్యాచ్. వీపు పూర్తిగా బ్యాటర్ వైపు తిప్పి, ఒక్క క్షణం ఆగి, సుడిగాలిలా తిరిగి విసిరే అతని పద్ధతికి అమెరికా వెర్రెత్తిపోయింది. అంతకుముందు ఏడాది ఆటగాళ్ల సమ్మెతో మేజర్ లీగ్ ఫైనల్ పోరైన వరల్డ్ సిరీసే రద్దయింది. ప్రేక్షకులు అలిగి ఉన్న సమయం. 1995లో నోమోకు 13 విజయాలు, 236 స్ట్రైకౌట్లు, ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి. ద్రోహి అన్న దేశంలోనే తెల్లవారుజామున లేచి టీవీల ముందు కూర్చున్నారు. మరుసటి ఏడాది, కొలరాడో రాష్ట్రంలో, సముద్రమట్టానికి బాగా ఎత్తున, పల్చటి గాలిలో బంతి మెలిక తిరగని మైదానంలో, ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. నాకు ఆ 13 విజయాల కంటే ఇది ఇష్టం.

ఆ తర్వాత క్లబ్బులు కన్నం పూడ్చి, దాని పక్కనే టోల్‌గేటు కట్టాయి. 1998 చివర్లో పోస్టింగ్ అనే పద్ధతి వచ్చింది. ఆటగాణ్ని వదలడానికి జపాన్ క్లబ్బు ఒప్పుకుంటే అప్పట్లో అమెరికా క్లబ్బులు మూసిన కవర్లలో పాట పాడేవి. 2006లో దైసుకె మత్సుజాకాతో మాట్లాడే హక్కు కోసమే బోస్టన్ రెడ్ సాక్స్ సెయిబు లయన్స్‌కు 5 కోట్ల 11 లక్షల డాలర్లు కట్టింది. అతనికిచ్చిన ఆరేళ్ల జీతం ఇంకో 5 కోట్ల 20 లక్షలు. అంటే మనిషికెంతో, మనిషిని వదిలినందుకూ దాదాపు అంతే! తర్వాత ఆ వదిలినందుకిచ్చే సొమ్ముకు 2 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. ఇప్పుడు ఒప్పందం విలువను బట్టి లెక్క. మొదటి రెండున్నర కోట్ల డాలర్ల మీద 20 శాతం, తర్వాతి రెండున్నర కోట్ల మీద 17.5, ఆ పైదాని మీద 15. 2023 డిసెంబరులో యొషినొబు యమమొతో డాడ్జర్స్‌తో 12 ఏళ్లకు 32 కోట్ల 50 లక్షల డాలర్లకు ఒప్పుకున్నాడు. లెక్క వేస్తే అతని పాత క్లబ్బు ఒరిక్స్‌కు 5 కోట్ల పైచిలుకు. 2025 వరల్డ్ సిరీస్‌లో మూడు మ్యాచ్‌లు గెలిపించి, ఉత్తమ ఆటగాడు అతనే అయ్యాడు.

అదే డాడ్జర్స్‌కు 2025 జనవరిలో రోకి ససాకి వెళ్లినప్పుడు లెక్క తలకిందులైంది. ఇరవై ఐదు నిండని విదేశీ ఆటగాళ్లకు అమెరికా నిబంధనల ప్రకారం ఇచ్చేది పరిమితం. అతనికి 65 లక్షల డాలర్ల బోనస్, అతని క్లబ్బు చిబా లొట్టేకు అందులో నాలుగో వంతు. రెండేళ్లు ఆగి ఉంటే ఇద్దరికీ ఎన్నో రెట్లు వచ్చేది. ఆగలేదు. ఆ తొందరను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. ఇన్నేళ్లు పనిచేస్తుందని పిచ్చర్ మోచేతికి ఎవరూ హామీ రాసివ్వరు. మత్సుజాకా పదిహేడేళ్లప్పుడు హైస్కూలు పోటీల్లో ఒక్క మ్యాచ్‌లో 17 ఇన్నింగ్స్, 250 బంతులు విసిరాడు. ముప్పయ్యో ఏట ఆ మోచేతికి ఆపరేషన్ అయింది.

ఇక క్రికెట్. ఇండియాలో క్రికెట్ కొనసాగిస్తున్న పురుష ఆటగాడెవరికీ విదేశీ టీ20 లీగుల్లో ఆడడానికి క్రికెట్ బోర్డు ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, ఇవ్వదు. కావాలంటే ఐపీఎల్‌తో సహా అన్నిటికీ దండం పెట్టి వెళ్లాలి. మన గుంటూరు అంబటి రాయుడు 2023లో చెన్నైతో ఐపీఎల్ ట్రోఫీ గెలిచి రిటైరై, ఆ ఆగస్టులోనే కరేబియన్ ప్రీమియర్ లీగ్‌లో సెయింట్ కిట్స్ జట్టుకు ఆడాడు. అతనికి ముందు అక్కడ ఆడిన భారతీయుడు ప్రవీణ్ తాంబే ఒక్కడే. ఆడపిల్లలకు ఈ అడ్డు లేదు. హర్మన్‌ప్రీత్, స్మృతి 2016లోనే ఆస్ట్రేలియా లీగులో ఆడారు. నోమో 1995లో వెతుక్కున్న కన్నమే మన మగ క్రికెటర్లకు ఇవాళ ఉన్న ఏకైక రాజమార్గం. జపాన్ అయితే నోమో వెళ్లిన నాలుగేళ్లలోపే తేరుకుని గేటు కట్టి డబ్బులైనా లెక్కపెట్టుకుంది. మనవాళ్లు గోడ దగ్గరే ఉన్నారు.

ఇంతవరకూ నేను చెప్పింది క్లబ్బుల లెక్క. మాస్టారి లెక్క వేరు. సకాయ్ ఉక్కు కర్మాగారానికి నోమో వల్ల ఏమొచ్చింది? ఫోర్క్‌బాల్ పదునెక్కింది అక్కడ. పోస్టింగ్ సొమ్ము వెళ్లేది మాత్రం ఆటగాణ్ని చివర కట్టేసి ఉంచుకున్న క్లబ్బుకు. స్కూలు కోచ్‌కు, కంపెనీ జట్టుకు చిల్లిగవ్వ ఉండదు. ఫుట్‌బాల్ వాళ్లు ఈ విషయంలో మెరుగు. ఆటగాడు ఒక క్లబ్బు నుంచి ఇంకో దానికి మారితే, బదిలీ సొమ్ములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. బేస్‌బాల్‌లో అది లేదు. క్రికెట్‌లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

భిలాయికి ఇది బాగా తెలిసిన బాధ. రాజేష్ పటేల్ గారు ఈ ఊళ్లో బాస్కెట్‌బాల్ నేర్పిన అమ్మాయిలు ఎంతమంది రైల్వే ఉద్యోగాలకు వెళ్లారో మీరే చూశారు. జాతీయ పోటీల్లో ఛత్తీస్‌గఢ్‌కూ రైల్వేకూ మ్యాచ్ పడితే రెండు వైపులా మన పిల్లలే. వాళ్లు వెళ్లారని ఎవరైనా కోప్పడితే నేను ఒప్పుకోను. ఉద్యోగం దొరికింది, ఇల్లు నిలబడింది. శ్రీకాకుళం, విజయనగరం వదిలి కొలిమి దగ్గర పనికని ఇక్కడికొచ్చిన వాళ్ల పిల్లలం మనం. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఊళ్లో నిలబడి, ఎవర్నీ ఊరు వదలొద్దని చెప్పే హక్కు మనకెక్కడిది?

ఇంకో సంగతి. బస్తర్‌లోని బైలదిల కొండల ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు కంపెనీలకు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దాని కోసమే కొత్తవలస, కిరండూల్ మధ్య కొండలు తొలిచి రైలు మార్గం వేశారు, విశాఖ రేవు నుంచి ఓడలెక్కించారు. టన్నుకింత అని ధర రాసుకున్నారు, కొన్నవాళ్లు కట్టారు. మట్టికి దొరికిన మర్యాద మనిషి చేతికి నేర్పిన విద్యకు దొరకలేదు.

తన వంతు నోమో తానే తీర్చాడు. తొంభైల్లో సకాయ్ కర్మాగారం జట్టును ఎత్తేశారు. కంపెనీలు ఖర్చు తగ్గించుకుంటూ ఒక్కొక్క జట్టునే మూసేస్తుంటే, కుర్రాళ్లు ఆడుకోవడానికి చోటు లేకుండా పోతోందని, 2003లో సకాయ్‌లోనే తన పేరున ఒక ఔత్సాహిక క్లబ్బు పెట్టాడు. అప్పటికింకా అమెరికాలో ఆడుతూనే ఉన్నాడు. 2005లో ఆ క్లబ్బు జపాన్ క్లబ్బు జట్ల జాతీయ పోటీ గెలిచింది. మరోపక్క, అతనితో పేచీ పెట్టుకున్న కింతెత్సు బఫెలోస్ 2004 సీజన్‌తో ఒరిక్స్‌లో కలిసిపోయి మాయమైంది.

అయితే నోమోలాంటి మనసు అందరికీ ఉంటుందని నమ్మి ఏర్పాట్లు చేసుకోలేం. ఈ నిధి వడ్డీ ఎలా ఖర్చుపెట్టాలని నిర్వాహకులు సలహా అడిగారు. కప్పులు, శాలువాలు వద్దు. హైదరాబాద్‌లోనో, ఇంకెక్కడో సెలక్షన్స్ ఉన్నప్పుడు వెళ్లే పిల్లకు, తోడెళ్లే తల్లికో తండ్రికో రానూపోనూ టికెట్టు కొనివ్వండి.  అయిదేళ్లు మన ఊరికే ఆడాలని బాండు మాత్రం రాయించుకోకండి. దానికి బదులు, వాళ్లను ఏ సంస్థ తీసుకుంటే ఆ సంస్థకు నిధి తరఫున ఒక ఉత్తరం రాయండి: ఈ పిల్లకు ఫలానా మైదానంలో ఇన్నేళ్లు ఆట నేర్పాం, కొత్త పిల్లలకు బంతులూ వలలూ కొనడానికి మీ వంతు పంపండి అని. మొదటి పది ఉత్తరాలకు జవాబు రాదు. అయినా నకలు దాచి, నంబరు వేసి, పదకొండోది రాయండి.