పసివారి గుండెకు గొంతునొప్పి ముప్పు
(ప్రసంగ పాఠము)



పిల్లవానికి గొంతు నొచ్చినదనగా మనము మిరియాల కషాయమిచ్చి ఊరకుందుము. పెక్కుమందికి అది అంతటితో తగ్గిపోవును. కాని స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మజీవి వలన కలిగిన గొంతునొప్పికి తగిన మందు పడనిచో, రెండు మూడు వారములకు కొందరు పిల్లలకు జ్వరముతోపాటు కీళ్ల వాపు కనిపించును. నేడు మోకాలు, రేపు మోచేయి. దీనినే రుమాటిక్ జ్వరమందురు. 5 మొదలు 15 ఏండ్ల వయస్సువారికే ఇది ఎక్కువ. కీళ్లనొప్పి మానిపోవును గాని, గుండె కవాటములకు తగిలిన దెబ్బ నిలిచిపోవచ్చును. జ్వరము తిరిగి వచ్చిన కొలది అవి మరింత చెడును. బడికి పరుగెత్తెడి బిడ్డ నాలుగడుగులకే ఆయాసపడును.

నూరేండ్ల క్రిందట అమెరికా, ఐరోపా నగరములలోని ఇరుకిండ్లలో ఈ జబ్బు విరివిగా ఉండెను. ఇండ్లు బాగుపడి, 1940 తరువాత పెన్సిలిన్ అందుబాటునకు వచ్చిన పిమ్మట అచ్చట అది అరుదైనది. ఆఫ్రికాలో, దక్షిణాసియాలో, పసిఫిక్ దీవులలో మాత్రము పోలేదు. దీనివలన కలుగు గుండెజబ్బుతో ప్రపంచమున ఏటా సుమారు 3 లక్షలమంది మరణించుచున్నారు. ఇదంతయు శీతోష్ణస్థితి భేదమనువారు ఆస్ట్రేలియాను చూడవలెను. అంతటి సంపన్న దేశమున తక్కిన పిల్లలలో అరుదైన ఈ జబ్బు, ఇరుకిండ్లలో కాపురముండు ఆదివాసుల బిడ్డలను నేటికిని వదలలేదు.

ఒకసారి ఈ జ్వరము వచ్చిన బిడ్డకు 3 లేక 4 వారములకొక పర్యాయము బెంజథీన్ పెన్సిలిన్ సూదిమందు ఏండ్ల తరబడి వేయించవలెను. మందు ఖరీదు స్వల్పమే. కాని తల్లి ఒకనాటి కూలి మానుకొని బిడ్డను తీసికొని పోవలెను. పోయిన దినమున మందు లేదనిపించుకొన్నచో ఆమె మరల రాకపోవుట వింతయా? సూదిమందులు తప్పిపోయిన బిడ్డకు కడపట గుండె శస్త్రచికిత్స చేసి కవాటమును మార్చవలసి రావచ్చును. లోహపు కవాటమమర్చినచో, రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము మందు వాడుచు రక్తపరీక్షలు చేయించుకొనుచుండవలెను.

సూడాను దేశపు ఖార్టూమ్ నగరమున 2007లో ఇటలీకి చెందిన ఎమర్జెన్సీ సంస్థ సలాం ఆసుపత్రిని నెలకొల్పి, ఉచితముగా గుండె శస్త్రచికిత్సలు ప్రారంభించెను. ఇరుగుపొరుగు దేశముల రోగులును సరిహద్దులు దాటి అచ్చటికి వచ్చిరి. 2023 ఏప్రిల్‌లో ఆ నగరమే యుద్ధభూమి అయినది.

మన తెలుగునాట 2007లోనే ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదబిడ్డల గుండె శస్త్రచికిత్సల ఖర్చును భరించుచు వచ్చినది. గొప్ప మేలే, అయినను అంతవరకు పోనీయకుండుట మన చేతిలో కొంత కలదు. జ్వరముతో గొంతునొప్పి వచ్చినప్పుడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున చూపించుడు. పెన్సిలిన్ పడని బిడ్డయైనచో ముందే చెప్పుడు. బిడ్డ ఆరోగ్యముగా ఆడుకొనుచున్నాడని, వైద్యుడు చెప్పకమునుపే సూదిమందు మానిపింపకుడు. వలస పోవునపుడు చికిత్స చీటీని వెంట తీసికొనిపోయినచో, అచ్చటి వైద్యుడు తేదీలు చూచి తరువాతి సూదిమందు వేయగలడు.