ఎలగందుల జిల్లా ఎక్కడికి పోయింది?

(బ్రాంప్టన్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో కరీంనగర్ వాళ్లు చాలామందే ఉన్నారు. మీది ఏ జిల్లా అని అడిగితే ఒకరు జగిత్యాల అంటారు, ఒకరు పెద్దపల్లి అంటారు, ఇంకొకరు సిరిసిల్ల అంటారు. మళ్లీ వెంటనే "అదే, పాత కరీంనగర్" అని కలుపుతారు. అయితే ఆ పాత కరీంనగర్ కంటే ముందు ఇంకా పాత జిల్లా ఒకటి ఉండేది. దాని పేరు ఎలగందుల. దాని గురించి నాలుగు మాటలు చెప్తాను. ఇది ఒట్టి చరిత్ర ముచ్చట కాదు. జిల్లా గీతలు జరిపేటప్పుడు ఎవరిని అడుగుతారు, జరిపిన తర్వాత ఎవరు నష్టపోతారు అన్నది ఇవాళ్టికీ తెగని ప్రశ్న.

హైదరాబాద్ రాజ్యంలో మొదట్లో జిల్లా అనేదే సరిగా లేదు. శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. గుత్తకు తీసుకున్నవాడు ఎంత పిండుకుంటే అంత. దివాన్‌గా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ పేరుతో దీన్ని మార్చాడు. రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, ఒక్కో జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్ అనే జీతగాడిని పెట్టాడు. ఇప్పటి కలెక్టర్ అన్నమాట. అలా వచ్చిన జిల్లాల్లో ఎలగందుల ఒకటి. మానేరు ఒడ్డున, గుట్ట మీద కోట ఉన్న ఊరు అది. 1901 జనాభా లెక్కల్లో ఆ జిల్లా జనం పది లక్షల పైచిలుకు.

1905లో నిజాం సర్కారు జిల్లాలను మళ్లీ సర్దింది. జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి కరీంనగర్‌కు పోయింది, పేరు కూడా మారింది. చెన్నూరు, లక్సెట్టిపేట తాలూకాలు కొత్తగా ఏర్పడ్డ ఆదిలాబాద్‌కు పోయాయి. సిద్దిపేట మెదక్‌కు పోయింది. రైతును అడిగారా? లేదు. అడగాలన్న ఆలోచన కూడా ఆనాటి రాజ్యానికి లేదు. ఇవాళ ఎలగందుల కరీంనగర్ పక్కన ఒక పల్లెటూరు. కోట చూడటానికి జనం వస్తారు. ఆ ఊరి పేరు మీద ఒకప్పుడు ఒక జిల్లాయే నడిచిందని వచ్చినవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇదంతా నిజాం కాలం సంగతి అని కొట్టిపారేయకండి. మనం కూర్చున్న ఈ బ్రాంప్టన్‌కూ ఇలాంటి కథే ఉంది. ఒకప్పుడు పీల్ కౌంటీకి బ్రాంప్టనే కేంద్రం. 1974 జనవరి 1న ఆ కౌంటీని తీసేసి, మిసిసాగా, బ్రాంప్టన్, కాలెడన్ కలిపి పీల్ రీజియన్ చేశారు. 2023 జూన్‌లో ఆంటారియో ప్రభుత్వం ఆ రీజియన్‌ను కూడా రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. నీళ్ల పైపులు ఎవరివి, పోలీసుల ఖర్చు ఎవరిది, పన్నులు ఎంత పెరుగుతాయి అని గొడవ మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. గీత గీయడం తేలిక, లెక్కలు తేల్చడం కష్టం అని మన కళ్లముందే రుజువైంది.

ఇంకో సంగతి. పాత కౌంటీ కోర్టు, జైలు ఉన్న భవనాలు బ్రాంప్టన్ నడిబొడ్డున ఇప్పటికీ ఉన్నాయి. వాటిని మ్యూజియంగా, రికార్డుల భాండారంగా మార్చుకున్నారు. కౌంటీ పోయింది కానీ దాని కాగితాలు పోలేదు.

ఇప్పుడు 2016కు వద్దాం. తెలంగాణ వచ్చాక 10 జిల్లాలను పెంచాలన్నారు. అవసరం ఉన్నదే. పాత కరీంనగర్ జిల్లాలో 57 మండలాలు. కాళేశ్వరం వైపు నుంచి కలెక్టర్ దగ్గరికి రావాలంటే వంద కిలోమీటర్లకు పైనే ప్రయాణం. ఆగస్టు 22న ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలకు నెల రోజులు గడువు పెట్టారు. ముసాయిదాలో మొత్తం జిల్లాలు 27. సిరిసిల్ల, జనగామ, గద్వాల, ఆసిఫాబాద్ జనం మాకూ జిల్లా కావాలని ఆందోళనకు దిగారు. అక్టోబర్ 11న, దసరా రోజు, 31 జిల్లాలు ఏర్పడ్డాయి. ఆ నాలుగూ అందులో ఉన్నాయి. 1905కూ 2016కూ తేడా ఇదే. అప్పుడు జనానికి నోరు లేదు, ఇప్పుడు ఉంది. కానీ గట్టిగా అరిచినవాళ్ల మాటే వినపడింది. హుస్నాబాద్ వాళ్లు సిద్దిపేటకు, కమలాపూర్ వాళ్లు వరంగల్ వైపుకు పోవలసి వచ్చింది. ఎలగందుల నుంచి విడిపోయిన సిద్దిపేటే, 111 ఏళ్ల తర్వాత తాను జిల్లా అయి, ఆ పాత జిల్లా వారసుడైన కరీంనగర్ నుంచి మండలాలు తీసుకుంది చూడండి!

మనలో చాలామందికి తెలియని దెబ్బ ఆ తర్వాత పడింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి మన దగ్గర చిన్న ఉద్యోగాలకు జిల్లానే కొలమానం. జిల్లా మారితే స్థానికత మారుతుంది, సీనియారిటీ మారుతుంది. 2018లో కొత్త జిల్లాల ప్రకారం కొత్త ఉత్తర్వులు వచ్చాయి. 2021 డిసెంబర్ 6న 317 జీవో ఇచ్చి, ఉద్యోగులను, టీచర్లను కొత్త జిల్లాలకు పంచారు. పంపకానికి సీనియారిటీ చూశారు కానీ పుట్టి పెరిగిన ఊరిని చూడలేదని వాళ్ల బాధ. స్థానికత కోసమే కొట్లాడిన నేల మీద టీచర్లు తమ సొంత జిల్లాకు స్థానికేతరులు కావడం కంటే విచిత్రం ఏముంటుంది?

నేను సాఫ్ట్‌వేర్ వాడిని. మా పనిలో పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు మారాలంటే ముందు బ్యాకప్ తీస్తాం, ఎవరెవరికి ఇబ్బందో రాసుకుంటాం, ఆ తర్వాతే మీట నొక్కుతాం. నాలుగు కోట్ల జనం ఉన్న రాష్ట్రానికి ఆ మాత్రం జాగ్రత్త అక్కర్లేదా?

అందుకే ఈ వేదిక తరఫున మూడు కోర్కెలు పెడదామని నా ప్రతిపాదన. ఒకటి, ఇకముందు ఏ గీత జరిపినా మండలం వారీగా మ్యాపు, కారణాలు ప్రతి గ్రామ పంచాయతీలో తెలుగులో పెట్టాలి, గ్రామసభ అభిప్రాయం రాతలో తీసుకోవాలి. రెండు, 317 జీవో బాధితుల్లో స్థానికత కోల్పోయినవాళ్లకు సొంత జిల్లాకు తిరిగొచ్చే దారి చూపాలి. మూడు, పాత జిల్లాల రికార్డులు, ముఖ్యంగా ఉర్దూలో ఉన్నవి, స్కాన్ చేసి, తెలుగు సూచికతో జనానికి అందుబాటులో పెట్టాలి. ఈ మూడో పనికి డబ్బు, సాంకేతిక సాయం మనమే ఇవ్వగలం. ఉర్దూ చదవగల పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఇంకో పదేళ్లు పోతే ఎంతమంది ఉంటారు?

గీతలు మళ్లీ మారతాయి. మారినప్పుడు జనాన్ని అడిగారా, కాగితాలు దాచారా అని నిలదీసేవాళ్లు ఉండాలి. దూరంలో ఉన్నా ఆ పని మనం చేయవచ్చు. తీర్మానం ప్రతి బల్ల మీద ఉంది. చదివి, నచ్చితే సంతకం పెట్టండి, నచ్చకపోతే ఎందుకో చెప్పండి.