మర్యాదకు రెండు తూనికరాళ్ళు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. తెలుగు ఇంట పుట్టిన ప్రతి బిడ్డా వినే హితవు ఇది. అయితే ఈ హితవు ఆ ఇంట్లో ఎవరి చెవిన ఎక్కువసార్లు పడుతున్నదో ఒక్కసారి గమనించండి. అన్న విసురుగా మాట్లాడితే "వాడికి కాస్త కోపమెక్కువ" అని సరిపెట్టుకొనే పెద్దలే, చెల్లెలు అదే మాట అన్నప్పుడు "ఆడపిల్లకు అంత నోరా?" అని గద్దిస్తారు. అంతకు ముందు ఆ చెల్లెలిని ఎవరేమన్నారన్న విచారణ మాత్రం జరగదు. ఇంట్లో మొదలైన ఈ అలవాటే వీథిలోకి, పత్రికలోకి, సర్కారు కచేరీలోకి, క్రీడా మైదానంలోకి నడచి వెళ్తుంది. పేరు ప్రతిష్ఠలు గల స్త్రీ విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆమెను నొప్పించిన మాట గాలిలో కలిసిపోతుంది. ఆమె ఇచ్చిన జవాబు మాత్రం తూనికకు ఎక్కుతుంది.

దీనికి తెలుగు సాహిత్య చరిత్రలోనే ఒక గొప్ప దృష్టాంతం ఉన్నది. ఆ చరిత్రలోని ఇద్దరు స్త్రీలలో ఒకరు తంజావూరు ఆస్థాన కవయిత్రి, మరొకరు మైసూరు సీమలో పుట్టి చెన్నపట్నంలో స్థిరపడిన గాయని. తెలుగునేలకు వెలుపల తెలుగును బ్రతికించుకొన్న ఇటువంటి పాఠశాలలో ఆ ఇద్దరినీ తలచుకోవడం సముచితం.

ముద్దుపళని పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు నేలిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానంలో వన్నెకెక్కిన విదుషి. దేవదాసీ కుటుంబంలో జన్మించి, సాహిత్యంలోను సంగీత నాట్యాలలోను ఆరితేరినది. ఆండాళ్ తిరుప్పావైని తెలుగు చేసినది. ఆమె రచించిన 'రాధికా సాంత్వనము' నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచి పెద్దచేసిన ఇళాదేవిని కృష్ణునికి ఇచ్చి పెండ్లి చేసిన రాధ, ఆ పిమ్మట విరహంతోను అసూయతోను వేగిపోవడం, కృష్ణుడు వచ్చి ఆమెను అనునయించడం ఇందలి కథ. తెలుగు ప్రబంధాలలో శృంగార వర్ణన కొత్త కాదు. స్త్రీ కోరికను, స్త్రీ కోపాన్ని ఒక స్త్రీయే పద్యం చేయడం అరుదు. కావ్య పీఠికలో ముద్దుపళని తన వంశంలోని స్త్రీలను, తన విద్యను సగర్వంగా చెప్పుకొన్నది.

ఈ కావ్యాన్ని కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'ఆంధ్ర కవుల చరిత్రము'లో విమర్శించారు. పంతులుగారు సామాన్యులు కారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించినవారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినవారు. 1883లో స్త్రీల కొరకు 'సతీహిత బోధిని' పత్రికను నడిపినవారు. అంతటివారు ముద్దుపళని పాండిత్యాన్ని, కవిత్వంలోని మార్దవాన్ని ఒకవంక అంగీకరిస్తూనే, మరొకవంక ఆమె నడవడిని నిందించారు. పుస్తకంలోని పెక్కు భాగాలు స్త్రీ వినదగనివని, ఇక స్త్రీ నోట రావడం మరీ తగదని తీర్పు చెప్పారు. కావ్యాన్ని తూచవలసిన తక్కెడలో కవయిత్రి పుట్టుకను, బ్రతుకును పెట్టి తూచారు. అప్పటికి ముద్దుపళని గతించి చాలా కాలమైనది; జవాబు చెప్పుకోవడానికి ఆమె లేదు.

జవాబు చెప్పినది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో జన్మించి, చెన్నపట్నంలో గాయనిగా అపారమైన కీర్తి గడించినది. కన్నడ, తెలుగు, సంస్కృత భాషలలో పండితురాలు. ఆమె కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టినదే. 'రాధికా సాంత్వనము'నకు 1887లో పైడిపాటి వేంకటనరసుగారు ప్రకటించిన అచ్చు ప్రతి ఒకటి అప్పటికే ఉన్నది. అయితే అందులో ముద్దుపళని తన్ను గురించి చెప్పుకొన్న పీఠిక లేదు. నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, పోల్చి చూచి, పీఠికతో సహా కావ్యాన్ని పరిష్కరించినది. 1910లో చెన్నపట్నంలో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారు దానిని ప్రచురించారు. ఆ ప్రచురణకు ముందుమాట వ్రాస్తూ ఆమె పంతులుగారి విమర్శకు సమాధానమిచ్చినది.

ఆ సమాధానంలో తిట్టు లేదు, శాపనార్థం లేదు. ఉన్నది తర్కం. సిగ్గు, మర్యాద అనేవి స్త్రీలకే గాని పురుషులకు వర్తించవా అన్నది ఆమె మొదటి ప్రశ్న. వేశ్య గనుక ముద్దుపళని సిగ్గు విడిచి వ్రాసినదంటే, గౌరవనీయులనిపించుకొన్న పురుషులు అంతకు మించిన వర్ణనలు చేసినప్పుడు ఆ మాట ఎందుకు అనలేదన్నది రెండవ ప్రశ్న. ఇందుకు నిదర్శనంగా 'వైజయంతీ విలాసము'ను చూపినది. ఒక వేశ్య విప్రనారాయణుని వలలో వేసికొన్న కథ అది. దానిని పంతులుగారే పరిశీలించి, విద్యార్థులు చదువదగిన గ్రంథంగా ఆమోదించిన సంగతి గుర్తుచేసినది. ఒకే రకమైన సరుకు. పురుషుని కలం నుండి వస్తే పాఠ్యగ్రంథం, స్త్రీ కలం నుండి వస్తే అశ్లీలం. తూనికరాయి మారినదని ఆమె నిరూపించినది. ఇంతకంటె మర్యాదగా ఇటువంటి మాట చెప్పడం ఎవరికైనా కష్టం.

లోకం ఏమి చేసినది? ఆమె ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. ఒక వేశ్య వ్రాసిన పుస్తకాన్ని ఇంకొక వేశ్య అచ్చు వేయించినదని పత్రికలో ఈసడింపు వెలువడినది. గ్రంథం అశ్లీలమని ప్రభుత్వానికి ఫిర్యాదులు వెళ్ళాయి. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనం చేసికొన్నారు. ప్రచురణకర్తలు, పండితులు కొందరు ఎంత మొరపెట్టుకొన్నా నిషేధం తొలగలేదు. ఆ నిషేధం సుమారు ముప్ఫైయైదేండ్లు నిలిచి, టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం (1946–47) కాలంలో రద్దయినది. వావిళ్లవారు 1952లో కావ్యాన్ని మరల ప్రకటించారు. నాగరత్నమ్మ కన్నుమూసినదీ ఆ సంవత్సరం మే 19వ తేదీననే. 1887లో ఒక పండితుడు ఇదే కావ్యాన్ని అచ్చు వేసినప్పుడు ఏ పోలీసూ రాలేదన్న సంగతి ఇక్కడ జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఈ చరిత్రలో గ్రహించవలసిన అంశం ఒకటి ఉన్నది. సాధారణంగా ఇటువంటి సందర్భాలలో "ఆమె చెప్పినది నిజమే కావచ్చు, చెప్పిన తీరు బాగాలేదు" అని అంటారు. నాగరత్నమ్మ చెప్పిన తీరులో లోపమేమీ లేదు. అయినా నింద తప్పలేదు. అంటే అభ్యంతరం గొంతు హెచ్చినందుకు కాదు. ఆ గొంతు స్త్రీది అయినందుకు. అది కూడా దుర్మార్గుల అభ్యంతరం కాదు. స్త్రీల చదువు కొరకు జీవితాన్ని ధారపోసిన మహనీయుని చేతిలో కూడా రెండు తూనికరాళ్ళు ఉండగలవు. కనుకనే ఈ దోషాన్ని ఇతరులలో వెదకడం కంటె ఎవరికి వారు తమలో వెదకుకోవడం మంచిది.

నాగరత్నమ్మ రెండవ సమాధానం మాటతో గాక చేతతో ఇచ్చినది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉండగా, తన సొమ్ము వెచ్చించి 1921లో ఆలయ నిర్మాణం ఆరంభించి, అది పూర్తయ్యాక కుంభాభిషేకం జరిపించినది. అంత చేసినా, అక్కడి ఆరాధనోత్సవాలలో స్త్రీలు పాడరాదన్నారు. ఆమె వాగ్వాదానికి దిగి ఊరుకోలేదు. గాయనులను కూడగట్టి, స్త్రీల పక్షాన వేరుగా ఆరాధన జరిపించినది. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఏకమై, స్త్రీలకు ఆ వేదిక దక్కినది. నేడు అక్కడ స్త్రీ పురుషులు కలిసి పంచరత్న కీర్తనలు పాడుతున్నారంటే ఆ పట్టుదలే అందుకు పునాది.

ఇది పాత కాలపు ముచ్చట, నేటికి అన్వయించదని కొందరు తలచవచ్చు. నాగరత్నమ్మ అడిగిన ప్రశ్ననే నేటి క్రీడారంగానికి వేసి చూడండి. అమెరికా టెన్నిస్ ఆటగాడు జాన్ మెకెన్రో 1981 వింబుల్డన్‌లో అంపైర్ మీద విరుచుకుపడ్డాడు. అతనికి జరిమానాలు పడ్డాయి. 1990 ఆస్ట్రేలియన్ ఓపెన్ నుండి దుష్ప్రవర్తనకు బహిష్కరించారు కూడా. అయినా లోకం ఆ కోపాన్ని ముచ్చటగా చెప్పుకొన్నది. నాడు అంపైర్‌ను గద్దించిన మాటనే 2002లో తన ఆత్మకథకు పేరుగా పెట్టుకొన్నాడు. పెద్దమనిషి తరహా వ్యాఖ్యాతగా స్థిరపడ్డాడు. 2018 సెప్టెంబరు 8న న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్ ఫైనల్ ఆడుతున్న సెరీనా విలియమ్స్‌ను, గ్యాలరీ నుండి శిక్షకుని సైగలు అందుకొన్నదని అంపైర్ హెచ్చరించాడు. తాను మోసం చేసి గెలిచే మనిషిని కానని ఆమె ఆగ్రహించినది. రాకెట్ విరుగగొట్టినందుకు ఒక పాయింటు, అంపైర్‌ను దొంగ అన్నందుకు ఒక గేమ్ పోయాయి. 17,000 డాలర్ల జరిమానా పడినది. ఆ మ్యాచ్‌లో నవోమి ఒసాకా గెలిచినది. మెల్‌బోర్న్ పత్రిక ఒకటి సెరీనాను, పాలపీక పక్కన పడేసి గెంతులు వేసే మొండి పిల్లగా వ్యంగ్యచిత్రంలో చూపినది. అంతకంటె పరుషమైన మాటలు తాము అన్నా గేమ్ కోల్పోలేదని మాజీ ఆటగాళ్ళు ఆండీ రాడిక్, జేమ్స్ బ్లేక్ బహిరంగంగా ఒప్పుకొన్నారు.

సెరీనా చేసినదంతా ఒప్పని ఇక్కడ వాదన కాదు. రాకెట్ విరుగగొట్టడం తప్పే. సైగలు చేసిన మాట నిజమేనని ఆమె శిక్షకుడే తరువాత అంగీకరించాడు. ఒకే కొలత అంటే స్త్రీ తప్పును తప్పు కాదనడం కాదు. పురుషుని తప్పు ఎంత బరువో, ఆమె తప్పూ అంతే బరువు అనడం. ఒకరి కోపానికి పౌరుషమని, మరొకరి కోపానికి పొగరని పేరు పెట్టినప్పుడు న్యాయం ఆ పేర్ల దగ్గరే చెడుతుంది.

కాలం కొంత మారిన మాట కూడా నిజం. 2017 జూన్‌లో మహిళల ప్రపంచ కప్ పోటీల ముంగిట, భారత జట్టు నాయకురాలు, సికిందరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్‌ను, ఆమెకు ఇష్టమైన పురుష క్రికెటర్ ఎవరని ఒక విలేఖరి అడిగాడు. ఇష్టమైన క్రీడాకారిణి ఎవరని పురుష క్రికెటర్లను కూడా ఇలాగే అడుగుతారా అని ఆమె ఎదురు ప్రశ్న వేసినది. నాగరత్నమ్మ 1910లో వేసిన ప్రశ్న కూడా సారాంశంలో ఇదే. నాడు పుస్తకం జప్తు అయినది. నేడు దేశం చప్పట్లు కొట్టినది. మిథాలీ జట్టు ఆ జూలైలో లార్డ్స్ మైదానంలో ఫైనల్ ఆడి తొమ్మిది పరుగుల తేడాతో ఓడినది. గెలిచినవారి మాటకే కాక ఓడినవారి మాటకూ అదే గౌరవం దక్కడం శుభసూచకం. అయితే మిథాలీ శాంతంగా అన్నది కనుక మెచ్చుకొన్నారు. అదే మాట కాస్త కటువుగా అని ఉంటే ఏమయ్యేదో ఎవరికి వారు ఆలోచించుకోవలసినది.

విద్యార్థినీ విద్యార్థులారా! పబ్లిక్ పరీక్షలలో జవాబు పత్రం దిద్దే ఉపాధ్యాయునికి విద్యార్థి పేరు తెలియదు. సంఖ్య మాత్రమే తెలుస్తుంది. వ్రాసినది ఆడపిల్లయా, మగపిల్లవాడా, ఏ కులం, ఏ వీథి అన్నది ఆయనకు అనవసరం. ప్రశ్న ఏమిటి, జవాబు సరియైనదా అన్నవే ఆయన చూస్తారు. పేరున్న స్త్రీ ఎవరికో ఎదురు చెప్పినదన్న వార్త చదివినప్పుడు ఆ నియమాన్నే పాటించండి. ముందుగా ఆమెను ఏమన్నారో తెలిసికోండి. ఆమె చెప్పినది నిజమో కాదో విచారించండి. ఆ మాట మీదనున్న పేరును కాసేపు చేతితో కప్పి, ఒక పురుషుని పేరు అక్కడ ఉన్నదనుకొని మార్కులు వేయండి. రెండు సారులూ ఒకే మార్కు వస్తే మీ తక్కెడ సరియైనదే.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా నాగరత్నమ్మ సమాధి ఉన్నది. అక్కడి విగ్రహంలో ఆమె స్వామి వైపు చూస్తూ కూర్చొని ఉంటుంది. ఈ పాఠశాల నుండి విహారయాత్రకు వెళ్ళే పిల్లలు ఎప్పుడైనా ఆ ఊరు చేరితే, స్వామికి నమస్కరించి, వెనుదిరిగి ఆమెకు కూడా ఒక నమస్కారం పెట్టండి. తెలుగు కవయిత్రి ఒకతెకు అవమానం జరిగినప్పుడు, ఆమె లేని లోటు తీర్చి, మర్యాద తప్పకుండా, వెనుకకు తగ్గకుండా జవాబు చెప్పిన నోరు అది. ఆ నోరు మంచిదే. దానికి తగినట్లు ఊరు మంచిది కావలసి ఉన్నది.