సాలూరులో నాలుగు దినములు – మా యౌవన సంఘము పరిచర్య యాత్ర



2024 జనవరి 25 నుండి 28 వరకు మేము పద్నాలుగుమందిమి సాలూరు ప్రాంతమునకు వెళ్ళి, అక్కడ ఒక కాలనీలో ఉండి వచ్చాము. బయలుదేరినప్పుడు మీరు ప్రార్థించి పంపారు. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము డబ్బులోనుండి మా రైలు ఖర్చుకు సాయము చేశారు. కనుక మీకు లెక్క చెప్పవలసినవారము. డబ్బు లెక్క కోశాధికారిగారికి అప్పగించాము. తక్కిన లెక్క ఈ సాయంకాలము చెప్తాము.

అంతదూరము సాలూరుకే ఎందుకని కొందరు అడిగారు. గుంటూరువారమైన మనకు మిషను చరిత్ర అంటే 1842లో హయ్యరు అయ్యగారు ఈ ఊరు చేరుటతో ఆరంభము. వైద్య పరిచర్య అంటే 1883లో వచ్చిన కుగ్లరు దొరసానిగారు. ఆమె పేరుగల ఆసుపత్రిలో మనలో ఎంతమంది పుట్టారో లెక్కలేదు. అయితే విశాఖపట్నము దాటిన తరువాత లూథరను చరిత్రకు ఇంకొక పాయ ఉన్నది. జర్మనీ ఉత్తర కొసనున్న బ్రెక్లుం అను చిన్న ఊరి మిషను పంపగా 1882లో వచ్చినవారు జయపురము కొండలలోను, ఆ కొండల దిగువ తెలుగు ప్రాంతములోను పని చేశారు. కొండదారి మొదట ఉన్న పట్టణము సాలూరు. కుష్ఠువ్యాధి వచ్చినవారికి వైద్యము చేసే ఆసుపత్రి అక్కడ ఎంతోకాలముగా ఉన్నది. మన సంఘములో ఆ పాయ సంగతి తెలిసినవారు తక్కువ.

ప్రయాణము గురించి చెప్పవలసినది పెద్దగా లేదు. రాత్రి రైలులో విజయనగరము, అక్కడనుండి బస్సులో గజపతినగరము, రామభద్రపురము మీదుగా సాలూరు. అది లారీల ఊరు. బస్సు దిగినది మొదలు మా కుర్రవాళ్ళు లారీలు లెక్కపెట్టుచునే ఉన్నారు.

రెండు నెలలు ముందుగానే అక్కడి పాస్టరు అయ్యగారిద్వారా కాలనీ పెద్దలకు ఉత్తరము వ్రాశాము. మేము ఏమి తేవాలి, ఏమి చేయాలి, మీరే చెప్పండి అని అడిగాము. జవాబు నాలుగు వరుసలే. పండ్లు వద్దు. ఫోటోలు వద్దు. ఎక్కడ మాట్లాడినా కాలనీ పేరు చెప్పవద్దు. చెప్పుల కొలతలు తీసేవారు, పింఛను కాగితములు వ్రాసిపెట్టేవారు, గుడి కప్పుమీద పెంకులు సర్దేవారు కావాలి.

పండ్లు ఎందుకు వద్దన్నారో వెళ్ళిన తరువాత ఒక మామ్మగారు నవ్వుతూ చెప్పారు. జనవరి ఆఖరి ఆదివారము ప్రపంచ కుష్ఠు దినము. మన దేశములో గాంధీగారి వర్ధంతియైన 30వ తేదీనాడు కూడ దానిని ఆచరిస్తారు. "ఆ నాలుగు రోజులూ అరటిపళ్ళు కుళ్ళిపోతాయి బాబూ. ఫిబ్రవరి నుంచి ఒక్కడూ రాడు" అన్నది ఆమె. ఒక్క పండును నలుగురు పట్టుకొని, ఆ పండు వెనుక ఒక వేళ్ళులేని చేతిని నిలిపి ఫోటో దిగుట మన సంఘములలోను, బయట సంఘములలోను పరిచర్య అనే పేరుతో జరుగుచున్నది. దానిని పరిచర్య అనుటకు మాకు నోరు రాదు.

ఇక పని సంగతి. పెంకుల పని ఒక పూటలో అయినది. కాగితముల పని రెండు పూటలు పట్టినది. వేలిముద్ర అడిగినచోట వేలు లేనివారి అవస్థ ఎట్టిదో మీరే ఆలోచించండి. మేము ఎక్కువగా నేర్చుకొన్నది మాత్రము పాదముల దగ్గరే.

ఆ కాలనీలో ఉన్నవారు రోగులు కారు. ఈ మాట గట్టిగా చెప్పాలి. వారికి వ్యాధి నయమై ఏండ్లు గడిచినవి. 1873లో నార్వే దేశములో హాన్సెను అను వైద్యుడు ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అది వంశపారంపర్యము కాదు, శాపము కాదు. చాలామందికి దానిని తట్టుకొనే శక్తి పుట్టుకతోనే ఉన్నది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసినది. వ్యాధి రకమును బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో మందు మ్రింగితే నయమవుతుంది. మందు ఉచితము. మందు మొదలుపెట్టిన కొద్దికాలములోనే ఇతరులకు అంటించే స్థితి పోతుంది. అయితే చికిత్స ఆలస్యమైనవారికి సూక్ష్మజీవి చచ్చినను, అది పాడుచేసిన నరములు తిరిగి రావు. స్పర్శ పోయిన కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నా తెలియదు, వేడిగిన్నె పట్టుకొన్న చేతికి కాలిన సంగతి తెలియదు. వ్యాధివలన వేళ్ళు రాలిపోతాయని మనమందరము చిన్ననాటినుండి విన్నాము. అది నిజము కాదు. తెలియని గాయములు పుండ్లై, పుండ్లు ఎముకదాకా పోయి, వేళ్ళు అరిగిపోతాయి. 1940ల చివర వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన పాల్ బ్రాండు అను వైద్యుడు ఈ సంగతిని శ్రద్ధగా పరిశీలించి చూపించాడు. వంకరపోయిన వేళ్ళను శస్త్రచికిత్సతో మరల పనికి తెచ్చాడు.

కనుక అక్కడ ప్రతి ఉదయము పాదముల పని ఉంటుంది. పెద్ద బేసినులలో నీళ్ళు పోసి, పాదములు ఇరువది నిమిషములు నాననిస్తారు. గట్టిపడిన చర్మమును గరుకు రాతితో మెల్లగా రుద్దుతారు. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాస్తారు. తరువాత కన్నులతో చూచుకొంటారు. ఎక్కడైన ఎఱ్ఱగా ఉన్నదా, చీలినదా, బొబ్బ లేచినదా అని అరికాలు తిప్పి తిప్పి చూస్తారు. కాలు చెప్పని సంగతి కన్ను చెప్పాలి. కొందరికి కనురెప్పలు కూడ మూతపడవు. వారు గంటకు కొన్నిసార్లు జ్ఞాపకము చేసికొని రెప్పలు మూస్తారు, రాత్రి కండ్లమీద గుడ్డ కప్పుకొని పడుకొంటారు.

మొదటి ఉదయము మా అమ్మాయిలు బేసినులు తెచ్చి, మేము కడుగుతామని ముందుకు వెళ్ళారు. ఒక పెద్దాయన, మేము తాతగారూ అని పిలిచినాయన, వారిని ఆపారు. "మీరు నాలుగు రోజులు కడిగి పోతారు. అయిదో రోజు మాకు చెయ్యి ఆడదు. ఎలాగ చేసుకోవాలో మాకు తెలుసు. కూకోండి, మీరే నేర్చుకోండి" అన్నారు. మేము కూర్చొని మా పాదములే నానబెట్టుకొన్నాము. మాలో ఒకనికి మడమ పగులులో చిన్న గాజుముక్క ఉన్నట్టు తాతగారే కనిపెట్టారు. వానికి నొప్పి తెలుస్తున్నను లక్ష్యపెట్టలేదు. "నొప్పి ఉన్నోడికి విలువ తెలీదు" అని ఆయన అంటే అందరము నవ్వాము. లూథరుగారు అయిదవ ఆజ్ఞకు ఇచ్చిన వివరణలో, పొరుగువాని శరీరమునకు హాని చేయకుండుటతో సరిపెట్టక, దాని ప్రతి అవసరములో వానికి సాయపడాలని బోధించారు. నిర్ధారణ తరగతిలో మేము అది కంఠస్థము చేశాము. ఆ ఉదయము సాయపడినది ఎవరు, సాయము పొందినది ఎవరు అనేది మాకు ఇప్పటికీ సరిగా తేలలేదు.

రెండవ రాత్రి భోజనములైన తరువాత తాతగారు ఒక ప్రశ్న వేశారు. ఈ ప్రసంగము ముఖ్యముగా ఆ ప్రశ్న కొరకే.

"బాబూ, మీ ఊరి గుడిలో కూడా పాపం కుష్ఠులాంటిదనే చెప్తారేటి? నాను బాప్తిస్మం పొంది నలభై ఏళ్ళు దాటింది. పాపం క్షమించేసినారని నమ్మినాను. రోగం ఆసుపత్రిలో నయం చేసేసినారు. రెండూ పోయినాయి కదా. మరి పండగపూట పెద్దగుడికి ఎళ్తే, అయ్యగారు ఆ మాట అనగానే ముందు బెంచీలోళ్ళు ఎనక్కి తిరిగి మాకేసి చూస్తారు. జ్వరంలాంటిది అనొచ్చు కదా. జ్వరం అందరికీ వస్తాది."

మాలో ఎవరమూ వెంటనే మాట్లాడలేదు. ఆ పోలిక మేమందరము ఎన్నో ప్రసంగములలో విన్నదే. ఆ రాత్రి లాంతరు దగ్గర లేవీయకాండము పదమూడు, పదునాలుగు అధ్యాయములు తీసి చదివాము. అక్కడ చెప్పబడిన పొడ మనుష్యుల చర్మమునకే కాదు, ఉన్నిబట్టకు, తోలుకు, ఇంటి గోడకు కూడ వస్తుంది. గోడకు హాన్సెను చెప్పిన వ్యాధి రాదు గదా! హెబ్రీ భాషలోని ఆ మాట చర్మముమీద, వస్తువులమీద కనబడే పలురకముల మచ్చలకు, బూజుకు కలిపి వాడినదని, అది నేటి కుష్ఠువ్యాధితో సమానము కాదని పండితులు చెప్తారు. మన తెలుగు బైబిలులో కుష్ఠు అను మాట పడినందున రెండూ ఒకటే అని మనము అనుకొన్నాము. పైగా సువార్తలలో ప్రభువు ఆ రోగిని పాపి అని పిలువలేదు. చెయ్యి చాపి ముట్టి శుద్ధునిగా చేశాడు. పాపమునకు ఆ వ్యాధిని గుర్తుగా చేసినది బోధకులే.

ఆదివారమునాడు వారి చిన్న గుడిలో ప్రభురాత్రి భోజనము జరిగినది. ముప్పదిమంది పట్టే గది. ఒకటే పాత్ర. అయ్యగారు రమ్మని పిలిచినప్పుడు ఎవరూ లేవలేదు. పెద్దగుడిలో వారు ఎల్లప్పుడు కడపటి వరుసలో, తక్కినవారందరు పుచ్చుకొన్న తరువాతనే వెళ్ళేవారట. ఎవరూ వ్రాసిపెట్టిన నియమము కాదు, అలవాటు. సొంత గుడిలో కూడ అతిథులైన మమ్మును ముందు వెళ్ళనిచ్చుటకు కూర్చొని ఉన్నారు. మేము ముందురాత్రే అనుకొన్నట్లు కదలకుండ ఉన్నాము. అయ్యగారు పాత్ర పట్టుకొని నిలుచున్నారు. కొంతసేపటికి అరటిపండ్ల మామ్మగారు, "ఎవరో ఒకరు లెగాలి కదేటి, అయ్యగారికి చేతులు నొప్పెడతాయి" అని నవ్వి లేచారు. ఆమె వెనుక తాతగారు, ఆయన వెనుక మాలో ఒకరు, ఇట్లు కలిసిపోయి వెళ్ళాము. అదే పాత్రలో పుచ్చుకొన్నాము.

కాలనీ పేరు చెప్పవద్దన్నందుకు కారణము కూడ ఆ సాయంకాలము తెలిసినది. అక్కడ పుట్టి పెరిగి, వ్యాధి ఎన్నడూ లేని ఒక అమ్మాయికి పెండ్లి సంబంధములు చూస్తున్నారు. అబ్బాయివారు క్రైస్తవులే. ఊరి పేరు వినగానే ఇదివరకు రెండు సంబంధములు తప్పిపోయినవి. 1898నాటి కుష్ఠురోగుల చట్టమును మన దేశము 2016లో రద్దు చేసినది. కుష్ఠువ్యాధిని విడాకులకు కారణముగా చూపే అవకాశమును 2019లో తొలగించినది. మన క్రైస్తవులకు వర్తించే 1869నాటి విడాకుల చట్టములోనుండి కూడ తొలగించినది. ప్రభుత్వము చేసినపాటి పని సంఘము చేయలేదా అని మా సందేహము.

తిరిగి వచ్చిన తరువాత సంఘ పెద్దల సభలో రెండు మనవులు చేశాము. ప్రసంగపీఠమునుండి పాపమును ఈ వ్యాధితో పోల్చవద్దని ఒకటి. ఈ వ్యాధి నయమైనవారు మన గుడికి వస్తే వారికి వేరే వరుస, వేరే వంతు ఉండరాదని రెండవది. రెండవ దానికి అందరు ఒప్పుకొన్నారు. మొదటిదానికి ఒక పెద్దగారు అభ్యంతరము చెప్పారు. గ్రంథములో ఉన్న మాటను మీరెట్లు తీసివేస్తారు అని అడిగారు. ఆ భయము న్యాయమైనదే. వాక్యపఠనములో ఒక అక్షరమైన మార్చమని మేము అడుగలేదు. పఠనము ముగిసిన తరువాత మన నోట పుట్టే పోలికను గురించి మాత్రమే అడిగాము. పాస్టరు అయ్యగారు తమమట్టుకు తాము ఇకమీదట ఆ పోలిక వాడనని చెప్పారు. తీర్మానము మాత్రము వచ్చే సభకు వాయిదా పడినది. ఆ సభకు మీలో ఓటున్నవారు తప్పక రావలెనని వేడుకొంటున్నాము.

ఇంకొక మాట. ఈ వ్యాధి పోయినదని అనుకోవద్దు. మన దేశములో పదివేలమందికి ఒకరికంటె తక్కువ అయినదని 2005 డిసెంబరు నాటికి లెక్క తేలినను, 2023లో కూడ లక్షకు పైగా క్రొత్తగా కనిపెట్టబడినవి. ఇంటిలో ఎవరికైన చర్మముమీద పాలిపోయిన మచ్చగాని, ఎఱ్ఱని మచ్చగాని ఉండి, అక్కడ ముట్టినా తెలియకపోతే, సిగ్గుపడక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొని వెళ్ళండి.

చివరగా చెప్పుల విషయము. స్పర్శలేని పాదములకు మామూలు చెప్పులు పనికిరావు. మెత్తని ప్రత్యేకమైన రబ్బరు అట్ట ఉండాలి, మేకులు కొట్టకూడదు, వెనుక పట్టీ ఉండాలి. వాటిని కుట్టగల పనివారు అక్కడే ఉన్నారు. వెల మాత్రము మనము పంపాలి. ఇరువదిముగ్గురి పాదములకు కాగితముమీద గీతలు గీసి తెచ్చాము. అవి గుడి ప్రక్క గదిలో బల్లమీద ఉన్నవి. ఒక జత ఖర్చు పెట్టుకోగలవారు ఒకరి కాగితములు తీసికొని, కోశాధికారిగారి దగ్గర సంఖ్య వ్రాయించుకోండి. కాగితములమీద పేర్లు లేవు, సంఖ్యలే ఉన్నవి. కుడి ఎడమలు ఒకే కొలత కావు గనుక రెండు కాగితములను విడదీయవద్దు.