చేనిగట్టు ముంగిస



నల్లమల అంచున మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో సేద్యము చేయు మీకు ముంగిస క్రొత్త కాదు. కంది, శనగ చేలగట్లపై ఎలుకలను, పాములను, పురుగులను పట్టి తినుచు కూలి అడుగని కావలి కాయుచున్నది.

ఐనను దాని వెంట్రుకలకై ఉచ్చులు పన్నువారున్నారు. వానితో చిత్రకారుల కుంచెలు చేయుదురు. కత్తిరించుకొని విడిచిపెట్టరు, ముంగిసను చంపియే తీయుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దానిని చంపుటయు, వెంట్రుకలు అమ్ముటయు నేరము. మీ గట్టుపై ఉచ్చు పెట్టనీయకుడు. కనబడినచో అటవీశాఖవారికి తెలుపుడు. బడికి పోవు బిడ్డలకు నైలాను కుంచెలే కొనుడు.

"కోడిపిల్లలను ఎత్తుకొనిపోవుచున్నదే!" అందురా? నిజమే. ముంగిస పగటిపూట తిరుగును. కనుక పగలు కోడిపిల్లలను గంపక్రింద మూయుడు. గుడ్లను ఏనాటివి ఆనాడే తీయుడు. ఇంటిచుట్టు పొదలు కొట్టివేయుడు. ఎలుకలకు బ్రోమడయొలోన్ మందు పెట్టినచో, చచ్చినవానిని వెదకి పూడ్చుడు. వానిని తిన్న ముంగిసకును ముప్పే.

పోయిన కోడిపిల్ల మీ కంటికి కనబడును. ముంగిస తిన్న ఎలుకలు కనబడవు. పంట ఇంటికి చేర్చునాడు ఆ రెండింటిని కలిపి లెక్క చూచుకొనుడు.