పాత డీజిల్ బండి: ఆ ధరకు కొనొచ్చా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)



నాకు మైకు ముందు మాట్లాడే అలవాటు లేదు. మాది మదనపల్లెకు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. రెండెకరాల టమోటా, రెండు ఆవులు. అప్పు తీసుకుని పాత పికప్ బండి కొన్నదాన్ని. ఈ ఏడు మన సంఘాల్లో బండి అప్పు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని, నా సంగతి నలుగురికీ చెప్పమని అధ్యక్షురాలు అడిగారు. తప్పు చేసినదాన్ని కాబట్టే చెప్పగలుగుతాను.

2023 మొదట్లో మేం 2014 మోడల్ డీజిల్ పికప్ ఒకటి కొన్నాం. ధర 4 లక్షల 20 వేలు. అందులో 3 లక్షలు సంఘం ద్వారా వచ్చిన బ్యాంకు లింకేజీ అప్పు. మిగతాది నా గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, ముందు నిమ్మకాయల దండ. మా ఆయన, మా మరిది ఒకసారి చుట్టూ తిరిగి చూశారు. బ్రోకరు "రేపటికి ఉండదు" అన్నాడు. అంతే, అడ్వాన్సు ఇచ్చేశాం.

ఆ జూలైలో ఏమైందో మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద దాటి పోయింది. జన్మలో చూడని ధర. సరిగ్గా అప్పుడే మా బండి ఇంజిను కూర్చుంది. 23 రోజులు షెడ్డులో ఉంది. రిపేరుకు 78 వేలు. సొంత బండి పెట్టుకుని, మా కాయలు మండీకి చేర్చడానికి బాడుగ బండి పిలుచుకున్నాం. ఆ రెండు నెలలూ నా కంతు కట్టలేకపోయాను. సంఘం పొదుపులోంచి తీసి మా వాళ్ళు కట్టారు. ఎందుకంటే కంతు సమయానికి కట్టకపోతే నా ఒక్కదానికే కాదు, సంఘంలో అందరికీ వడ్డీ రాయితీ పోతుంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

అప్పటినుంచి నేను లెక్క రాయడం మొదలుపెట్టాను. ఆ లెక్కే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

ముందు, పాత బండికి ఇంత ధర ఎందుకు? కారణాలు లేకపోలేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లే అమ్మాలన్నారు. కొత్త ఇంజిన్లకు సెన్సర్లు, పొగను వడకట్టే ఫిల్టర్లు వచ్చాయి. దాంతో ధర పెరిగింది. సెన్సరు తప్పు చూపిస్తే ఊళ్ళో మెకానిక్ చేతులెత్తేస్తాడు, స్కానర్ ఉన్న చోటికి తీసుకుపోవాల్సిందే. పాత ఇంజిన్లో అంత ఎలక్ట్రానిక్ సామాను ఉండదు. మన సందు చివర మెకానిక్ కూడా విప్పి బిగిస్తాడు. సామాను ఎక్కడైనా దొరుకుతుంది. టమోటా, పాలు, టెంటు సామాను, వాటర్ క్యాన్లు, అన్నింటికీ అదే బండి కావాలి. కొనేవాళ్ళు ఎక్కువ, మంచి బండ్లు తక్కువ. అందుకని ధర.

కానీ ఒక సంగతి మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 9 లక్షలున్న కొత్త బండికి ఈ ఒక్క కారణంతోనే సుమారు 70 వేలు తగ్గాలి. కొత్తది తగ్గితే పాతదీ తగ్గాలి కదా. అమ్మేవాళ్ళు మాత్రం ఇంకా పాత ధరే చెబుతున్నారు. బేరానికి కూర్చునే ముందు షోరూంకు పోయి కొత్త బండి కొటేషన్ తెచ్చుకోండి. కాగితం మీద ఉన్న అంకె చూపించి మాట్లాడండి.

ఇప్పుడు నా లెక్క. నిదానంగా చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మా ఊరి నుంచి మండీకి పోయి రావడానికి 60 కిలోమీటర్లు. మా పాత బండి లోడుతో లీటరుకు 10 ఇస్తుంది. డీజిల్ లీటరు వంద అనుకుంటే 600. డ్రైవరు బత్తా 500. మొత్తం 1,100. అదే ట్రిప్పుకు బాడుగ బండి 1,800 తీసుకుంటుంది. అంటే సొంత బండి పోయిన ప్రతి ట్రిప్పుకు 700 మిగులు. నడిపేది ఇంటి మగవాడే అయినా బత్తా రాయాలి. ఆయన వేరే పనికి పోతే కూలి వచ్చేది కదా.

ఆ 700 చూసే మనం మోసపోతాం. బండి కదలకపోయినా అయ్యే ఖర్చు ఉంది. ఏడాదికి ఇన్సూరెన్సు 18 వేలు. ఎఫ్‌సీ, పన్నులు 8 వేలు. రిపేర్లు, టైర్లు 60 వేలు. పెట్టిన డబ్బుకు రూపాయి వడ్డీ చొప్పున 50 వేలు. సొంత డబ్బుకు కూడా వడ్డీ వేయాలి, లేకుంటే లెక్క అబద్ధమవుతుంది. ఏడాది తిరిగేసరికి బండి ధర పడిపోయేది 40 వేలు. అన్నీ కలిపితే 1 లక్షా 76 వేలు. దీన్ని 700తో భాగించండి. 251 వస్తుంది.

అంటే ఏడాదికి 251 ట్రిప్పులు తిరిగితేనే బాడుగ బండితో సమానం. ఆ పైన తిరిగిందే లాభం. మా టమోటా, మా మరిది టమోటా కలిపి మాకున్నవి ఎన్నో తెలుసా? 70 ట్రిప్పులు! ఈ లెక్క కొనక ముందు ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు.

"ధర తగ్గించుకుని కొనుంటే సరిపోయేది కదా" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 4 లక్షల 20 వేలకు బదులు 3 లక్షలకే వచ్చిందనుకోండి. వడ్డీ 36 వేలు, ధర పడేది 30 వేలు అవుతుంది. మొత్తం ఖర్చు 1 లక్షా 52 వేలు. 217 ట్రిప్పులు కావాలి. అదే 4 లక్షల 20 వేలే పెట్టి, ఇంజిను మంచిది కొన్నామనుకోండి. రిపేర్లు 60 వేలకు బదులు 25 వేలు. మొత్తం 1 లక్షా 41 వేలు. 201 ట్రిప్పులు చాలు. చూశారా, ధరలో లక్షా 20 వేలు తగ్గినదానికంటే ఇంజిను బాగున్నందువల్లే ఎక్కువ మేలు. పైగా సీజనులో షెడ్డుకు పోదు.

కొత్త బండి సంగతి కూడా చెప్పాలి. తొమ్మిదిన్నర లక్షలు పెడితే వడ్డీ లక్షా 14 వేలు, ధర పడేది ఒక 90 వేలు, పూర్తి ఇన్సూరెన్సు 40 వేలు, సర్వీసు, టైర్లు 25 వేలు, పన్నులు 8 వేలు. మొత్తం 2 లక్షల 77 వేలు. డీజిల్ కొంచెం తక్కువ తాగుతుంది, లీటరుకు 13 అనుకుంటే ట్రిప్పుకు 840 మిగులుతుంది. అయినా 330 ట్రిప్పులు కావాలి. రోజూ లోడున్న పాల బండికి అది సరిపోతుంది. మనలాంటి సీజను రైతుకు కాదు.

కాబట్టి నా మాట ఇది. పాత డీజిల్ బండికి ఎక్కువ ధర పెట్టడం తప్పు కాదు, ఇంజిను, కాగితాలు బాగుంటే. కానీ ఏడాదికి 200 ట్రిప్పుల లోడు ముందే చేతిలో లేకపోతే ఎంత చవగ్గా వచ్చినా వద్దు. బాడుగ బండే మేలు. మీ ఊరి దూరం వేరు, బాడుగ వేరు. మీ అంకెలు వేసుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇక ఇంజిను మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది? మా మెకానిక్ నాకు నేర్పించినవి నాలుగు చెబుతాను. పొద్దున్నే చెప్పకుండా పోండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిను ఎంతసేపటికి అందుకుంటుందో చూడాలి. పొగ చూడండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. లోడు లేకుండానే నల్ల పొగ వస్తే ఇంజెక్టర్ల దగ్గర పని ఉంది. బాగా వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్ళు లోపలికి పోతున్నాయేమో అనుమానించాలి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడండి, నీళ్ళ మీద నూనె తేలితే దండం పెట్టి వచ్చేయండి. కింద వంగి ఛాసిస్ చూడండి. వెల్డింగు అతుకులు, తుప్పు ఉన్నాయా? కమాను పట్టీలు అదనంగా వేసి ఉంటే ఆ బండి ఓవర్‌లోడుతో బతికిందని అర్థం. మీటరు చూపించే కిలోమీటర్లు నమ్మొద్దు, వెనక్కి తిప్పేవాళ్ళున్నారు. పెడల్ రబ్బరు ఎంత అరిగిందో అది చెబుతుంది నిజం. చివరికి, లోడేసి ఎత్తు ఎక్కించి చూడండి. మెకానిక్‌ను మీరే తీసుకుపోండి, బ్రోకరు చూపించినవాణ్ణి కాదు. ఆయనకిచ్చే వెయ్యి రూపాయలు నాకు 78 వేలు మిగిల్చి ఉండేవి.

కాగితాలు ఇంకా ముఖ్యం. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, బండి మీద నంబరు ఒకటేనా చూడండి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరినట్టు కాగితం, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్చడానికి ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. 8 ఏళ్ళు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. బండి వయసు పెరిగే కొద్దీ ఆ ఫీజు బాగా పెరుగుతుంది. అందుకే 13, 14 ఏళ్ళ బండి చవగ్గా వస్తోందంటే సంబరపడొద్దు. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి.

పేరు దగ్గర ఇంకో మాట. అప్పు పుస్తకంలో పేరు మనది, ఆర్‌సీలో పేరు ఇంకొకరిది! చాలా ఇళ్ళల్లో ఇదే జరుగుతోంది. కంతు కట్టకపోతే మీటింగులో తల వంచుకునేది మనం. బండి అమ్ముకునే హక్కు మాత్రం వేరేవాళ్ళది. సంఘం అప్పుతో కొన్న బండి సభ్యురాలి పేరు మీదే ఉండాలి. మనలో ఎవరైనా నడుపుతామన్నా అడ్డం లేదు. కారు లైసెన్సు, అంటే ఎల్ఎంవీ లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

బయట అప్పు తెచ్చేవాళ్ళకు ఒక హెచ్చరిక. "రూపాయి వడ్డీనే కదా" అంటారు. ఏ రూపాయి వడ్డీ అని అడగండి. 4 లక్షలు మూడేళ్ళకు తీసుకుంటే, అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గే లెక్కలో నెల కంతు సుమారు 13,286. మొత్తం అసలు మీద చివరిదాకా వడ్డీ వేసే లెక్కలో 15,111. మాట ఒకటే, మూడేళ్ళలో తేడా 65,700 రూపాయలు.

మా బండి ఏమైందని మీరు అడుగుతారు. అమ్మలేదు. అమ్మితే సగం కూడా వచ్చేది కాదు. మా సంఘంలో ఇంకో ఆరుగురి టమోటా, పక్క సంఘం వాళ్ళ కూరగాయలు కలిపి లోడు కట్టడం మొదలుపెట్టాం. బాడుగ బయటికంటే ట్రిప్పుకు వంద తక్కువ. పోయిన ఏడాది 260 ట్రిప్పులు తిరిగింది. ఆ వంద తగ్గించడం వల్ల నాకు లాభమంటూ మిగల్లేదు, కానీ కంతు ఒక్కటీ ఆగలేదు. సంఘం కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి ఇచ్చేశాను. గాజులు ఇంకా విడిపించలేదు.

ఇప్పుడు మా సంఘంలో నియమం పెట్టుకున్నాం. బండి అప్పు అడిగే సభ్యురాలు పన్నెండు నెలల లోడు, నెలవారీగా, పుస్తకంలో రాసి చూపించాలి. ముగ్గురు సభ్యులు, మనకు తెలిసిన మెకానిక్‌తో పోయి బండి చూసి రావాలి. పేరు మారే కాగితాలు పెట్టాకే చివరి డబ్బు ఇవ్వాలి. రిపేరు నిధి కింద ట్రిప్పుకు 150 పక్కన వేయాలి. ఈ నాలుగూ సమాఖ్య తీర్మానంగా అన్ని గ్రామ సంఘాల్లో పెట్టాలని ఈ సభను కోరుతున్నాను. ఇంటికొక బండి కొనే బదులు మూడు సంఘాలకు ఒక బండి అన్న ఆలోచన కూడా చేయండి.

నా కంతు కట్టిన నా తొమ్మిది మంది అక్కచెల్లెళ్ళు ఇక్కడే మూడో వరసలో కూర్చున్నారు. ఆరోజు వాళ్ళకు చెప్పలేకపోయాను. ఈరోజు అందరి ముందూ వాళ్ళకు నమస్కారం పెడుతున్నాను. సెలవు.